పెరట్లో మొక్క – చంకలో బిడ్డ
(భార్యాభర్తలు ఇద్దరూ కలిసి చదువుకోవలసిన పాఠం)



ఈ పాఠం చదవడానికి మీకు పెద్ద చదువు అక్కరలేదు. మీ ఇంటి వెనకాల ఉన్న పెరడు తెలిస్తే చాలు. పెరడు లేనివారు వాకిట్లో ఉన్న నాలుగు కుండీలను తలచుకోండి. చదవడం రానివారికి వచ్చినవారు చదివి వినిపించండి. అత్తగారిని, మామగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది.

ఒక ఇల్లు అనుకుందాం

ఒక ఊళ్ళో ఒక ఇల్లు ఉన్నదనుకుందాం. మగవాడు రెండెకరాలు కౌలుకు చేస్తాడు. భార్య ఇంటి పనీ, పొలం పనీ చూసుకుంటుంది. వాళ్ళకు ఎనిమిదో నెల నడుస్తున్న ఆడపిల్ల. ఇంట్లో అత్తగారు ఉన్నారు.

తెల్లవారి కోడి కూసింది. ఇల్లాలు వాకిలి ఊడ్చి కల్లాపి చల్లింది. గేదెకు కుడితి పెట్టింది. ఇంతలో పాప లేచి ఏడుపు లంకించుకుంది. ఇల్లాలు చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చుని పాలిచ్చింది. లేచేసరికి కళ్ళు తిరిగినట్టయి గుంజ పట్టుకుని నిలబడింది.

"ఏమైందే అమ్మాయ్?" అన్నది అత్తగారు.

"ఏం లేదత్తమ్మా, నీరసం" అన్నది కోడలు.

"నీరసాలు అందరికీ ఉండేవే. నా మాట విని పాలు మాన్పించి ఇంకో కాన్పు కానీ. ఇద్దరూ ఒక్క తడవే పెరిగిపోతారు, చాకిరీ ఒక్కసారే తీరిపోద్ది. ఈసారి మగపిల్లాడు పుడితే ఇక బెంగ ఉండదు" అన్నది పెద్దామె.

ఆమె చెడ్డ మనిషి కాదు. మనవరాలంటే ప్రాణం. తన కాలంలో అలా జరిగింది గనుక అలా అన్నది. ఈ మాట మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో వినబడేదే. అందుకే దీనికి నిదానంగా జవాబు చెప్పుకోవాలి. జవాబు ఆ ఇంటి పెరట్లోనే ఉంది.

అరటి పిలక చెప్పే పాఠం

స్నానాల నీళ్ళు పారే చోట అరటి పెట్టడం మన వాడుక. అరటి మొక్క ఎదుగుతుండగానే దుంప చుట్టూ పిలకలు లేస్తాయి. రైతు ఏం చేస్తాడు? తల్లి మొక్క గెల వేసేదాకా వచ్చిన పిలకను వచ్చినట్టే కోసేస్తాడు. గెల వేసిన తర్వాత బలమైన సూది పిలక ఒకదాన్ని ఉంచుతాడు. ఎందుకని? పిలకలన్నీ ఒక్కసారే పెరిగితే తల్లి మొక్క సత్తువను పంచుకుంటాయి. గెల చిక్కిపోతుంది. పిలకలూ గిడసబారతాయి.

వంగనారు సంగతీ అంతే. నారుమడిలో ఒత్తుగా ఉన్న మొక్కలను అలాగే వదిలేస్తే సన్నగా, పాలిపోయి సాగుతాయి. తీసి ఎడంగా నాటితేనే కాపు కాస్తాయి.

మనిషి మొక్క కాదు, నిజమే. కానీ ఒకదాని తర్వాత ఒకటి ఎదగడానికి వ్యవధి కావాలన్న సంగతి మనిషికి కూడా వర్తిస్తుంది. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ బిడ్డ ఎముకకూ రక్తానికీ కావలసినది తల్లి ఒంట్లో నుంచే పోతుంది. కాన్పులో కొంత రక్తం పోతుంది. తర్వాత పాలివ్వాలి. ఇంత ఖర్చయిన ఒళ్ళు మళ్ళీ నిండడానికి సమయం పడుతుంది.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లెక్క చెప్పింది. ఒక బిడ్డ పుట్టాక కనీసం 24 నెలలు గడిచిన తర్వాతే మళ్ళీ గర్భం దాల్చాలి. అంటే బిడ్డకూ బిడ్డకూ మధ్య దాదాపు మూడేళ్ళ ఎడం అన్నమాట. ఈ వ్యవధి మరీ తగ్గితే బిడ్డ నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతాయి. తల్లికి రక్తహీనత ముదురుతుంది.

రక్తహీనత ఎవరికో అనుకోకండి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మంది. మన ఇల్లాలు గుంజ పట్టుకుని నిలబడింది ఊరికే కాదు సుమా!

ఒడి దిగిన బిడ్డకు వచ్చే జబ్బు

ఇప్పుడు పెద్దామె అన్న రెండో మాట చూద్దాం. "పాలు మాన్పించి ఇంకో కాన్పు కానీ" అన్నది. "ఇద్దరూ ఒక్క తడవే పెరిగిపోతారు" అన్నది.

ఆఫ్రికాలోని ఘానా దేశంలో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ పనిచేశారు. అక్కడ ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలకు కాళ్ళు వాచి, జుట్టు రంగు మారి, చర్మం పొలుసులు లేచే జబ్బు ఆమె చూశారు. అక్కడి తల్లులు ఆ జబ్బును 'క్వాషియార్కర్' అనేవారు. తమ్ముడో చెల్లెలో రావడంతో తల్లి పాలకు దూరమైన పెద్ద బిడ్డకు వచ్చే జబ్బు అని దానికి అర్థం. 1935లో ఆమె ఆ పేరును వైద్యులందరికీ తెలియజేశారు. ఈనాటికీ వైద్య పుస్తకాలలో అదే పేరు ఉంది.

చూశారా! ఎక్కడో ఉన్న పల్లె తల్లులు జబ్బు పేరులోనే కారణం చెప్పేశారు. పెద్ద బిడ్డ ఒడి దిగవలసిన వేళ రాకముందే దిగిపోయింది. దానికి సరిపడా తిండి ఇంకా అలవాటు కాలేదు. అమ్మకు పెట్టే ఓపికా లేదు. "ఇద్దరూ ఒక్క తడవే పెరుగుతారు" అంటే చాలాసార్లు జరిగేది ఇదే: ఇద్దరూ ఒక్క తడవే చిక్కిపోతారు, తల్లి ముందుగా చిక్కిపోతుంది.

ఒకవేళ ఎడపిల్ల పాలు తాగుతుండగానే తల్లికి నెల తప్పితే పాలు విషమైపోతాయని భయపడవద్దు. చాలామంది తల్లులు కడుపుతో ఉండి కూడా పాలివ్వవచ్చు. మీ సంగతి నర్సమ్మతో గాని డాక్టరుతో గాని చెప్పి సలహా తీసుకోండి. పాలు ఉన్నట్టుండి మాన్పించకండి.

పెరటి నుంచి గిన్నెలోకి

బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. వాటిని పిండి పారబోయవద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు. తేనె వద్దు, చక్కెర నీళ్ళు వద్దు, మంచినీళ్ళు కూడా వద్దు. వేసవిలోనూ తల్లిపాలలో కావలసినంత నీరు ఉంటుంది.

ఆరు నెలలు నిండాక తల్లిపాలు ఒక్కటే చాలవు. పుట్టుకతో ఒంట్లో దాచుకు వచ్చిన ఇనుము అప్పటికి తరిగిపోతుంది. ఇక్కడే పెరడు మనకు అక్కరకు వస్తుంది.

ఏడో నెలలో: మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు కలిపి మెదిపి, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి రోజుకు రెండు మూడుసార్లు పెట్టాలి. నీళ్ళలా జారిపోయేట్టు చేయవద్దు. చెంచా వంచితే మెల్లగా జారాలి. పండిన బొప్పాయి, అరటిపండు మెదిపి పెట్టవచ్చు.

ఎనిమిది, తొమ్మిది నెలల్లో: పప్పుతో పాటు లేత తోటకూర గాని, మునగాకు గాని బాగా ఉడికించి మెదిపి కలపాలి. అందులో ఒక చెంచా నూనె గాని నెయ్యి గాని వేయాలి. ఆకుకూరలో, బొప్పాయిలో ఉండే విటమిన్ 'ఎ' సత్తువ ఒంటికి పట్టాలంటే చమురు తోడు ఉండాలి. కోడిగుడ్డు ఉడికించి మెదిపి పెట్టవచ్చు.

తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా: అరగిన్నె చొప్పున మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ఇంట్లో వండినదే కారం తగ్గించి, ముప్పావు గిన్నె నుంచి గిన్నె నిండుగా. తల్లిపాలు మాత్రం రెండేళ్ళ దాకా, ఆపైన కూడా ఇవ్వవచ్చు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం బిడ్డకే పెట్టండి, ఇంటిల్లిపాదీ పంచుకోవద్దు.

ఇక పెద్దవాళ్ళ సంగతి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటపడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటపట్టదు. రెండింటికీ గంటైనా ఎడం ఉంచండి. ఆకుకూర తింటున్నాం కదా అని నర్సమ్మ ఇచ్చే ఇనుము మాత్రలు మానవద్దు. కడుపుతో ఉన్నప్పుడు 180 రోజులు, కాన్పు తర్వాత 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి.

ఏ మొక్కలు వేయాలి?

మంచం వేసేంత చోటు ఉన్నా సరే. వాటిలో కొన్ని ఇవి:

మునగ: వానలకు ముందు బలమైన కొమ్మ నాటితే నాటుకుంటుంది. గింజతో వేసుకునేవారికి పి.కె.యం.-1 అనే రకం ఉంది. తమిళనాడులోని పెరియకుళంలో తయారైన ఈ రకం 1989లో విడుదలైంది. ఆరేడు నెలల్లోనే కాపుకు వస్తుంది. ఆషాఢంలో మునగాకు తినాలని మన పెద్దలు అంటారు. మిగతా మాసాల్లో తినవద్దని ఎవరూ అనలేదు!

తోటకూర: చల్లిన 25 – 30 రోజులకు కోతకు వస్తుంది. ఒకేసారి అంతా చల్లకండి. పది రోజులకొక మడి చల్లితే నెల పొడుగునా ఆకు దొరుకుతుంది.

బొప్పాయి, కరివేపాకు, గోంగూర: ఒకసారి నాటుకుంటే చాలా రోజులు ఆదుకుంటాయి.

చిక్కుడు, బీర, సొర: గోడ పక్కన పాదు తీసి పందిరికి పాకించండి. నేల చోటు కలిసివస్తుంది, వాకిట్లో నీడ పడుతుంది.

అరటి, చేమ: నీళ్ళు పారే చోట. సబ్బు నీళ్ళు మాత్రం ఆకుకూర మళ్ళలోకి పారనివ్వకండి.

పురుగు పడితే పొలం మందు తెచ్చి పెరట్లో కొట్టవద్దు. ఆ ఆకు మర్నాడు బిడ్డ గిన్నెలోకే వస్తుంది. వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిండి వడకట్టి చల్లండి.

పిల్లలకు పెరడే మొదటి బడి

ఆ ఇంటి పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఇంకో రెండేళ్ళలో ఏమేమి చేస్తుందో చూడండి. చీమల బారు వెంట పోతుంది. కోడిపిల్లను పట్టుకోబోతుంది. తడి మట్టితో బువ్వ వండుతుంది. "ఇదేంటి?" అని రోజుకు వందసార్లు అడుగుతుంది.

విసుక్కోకండి. ఆ వందసార్లకు జవాబు చెప్పడమే చదువు. "ఇది గోంగూర, పుల్లగా ఉంటది. ఇది కరివేపాకు, వాసన చూడు" అని చెప్పే అమ్మ ఒళ్ళో ఉన్న బిడ్డకు మాటలు తొందరగా వస్తాయి. రెండో ఏడు దాటిన బిడ్డ చేతికి నాలుగు చిక్కుడు గింజలివ్వండి. తానే మట్టిలో పెట్టనివ్వండి. చెంబుతో నీళ్ళు పోయనివ్వండి. మొలక లేచిన రోజున ఆ బిడ్డ ముఖం చూడండి. తాను పెంచిన కాయను తినను అని మారాం చేసే బిడ్డ అరుదు.

సంక్రాంతి రోజుల్లో కొత్త వరికంకుల కుచ్చులు చూరుకు కట్టడం మన ఊళ్ళ అలవాటు. పిచ్చుకలు వచ్చి వాలతాయి. పిల్లలకు చూపించండి. గొంతు కింద నల్లగా ఉన్నది మగ పిచ్చుక. గూట్లో పిల్లలు ఉన్నప్పుడు పురుగులు తెచ్చి నోట్లో పెట్టేది ఆడ పిచ్చుక ఒక్కటే కాదు, మగది కూడా తెస్తుంది. ఈ మాట నాన్నలు కూడా విన్నట్టేనా?

ఈ ఆటకూ మాటకూ ఎవరి ఓపిక కావాలి? అమ్మది, నాన్నది. చంకలో ఒకరు, కడుపులో ఒకరు ఉన్న తల్లి వందోసారి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలదా? చెప్పలేక ఒక్కటి వేస్తుంది. తర్వాత తానే ఏడుస్తుంది. ఎడం అంటే తిండికీ రక్తానికీ మాత్రమే కాదు. ముద్దుకు, మాటకు కూడా ఎడం కావాలి.

పెరట్లో జాగ్రత్తలు

పెరడు అన్నం పెడుతుంది. ఏమరుపాటుగా ఉంటే ప్రమాదమూ తెస్తుంది. ఇవి గుర్తుంచుకోండి.

1. గన్నేరు, ఉమ్మెత్త, అడవి ఆముదం, ఆముదం, గురివింద – వీటి కాయలు, గింజలు విషం. పిల్లలు ఆడుకునే చోట ఉంచవద్దు. బిడ్డ నోట్లో పెట్టుకుంటే ఉప్పునీళ్ళు తాగించి కక్కించవద్దు. ఆ గింజను కూడా పట్టుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. 108కు ఫోను చేయండి.

2. పురుగుల మందును, కిరసనాయిలును కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచకండి. బిడ్డకు తేడా తెలియదు.

3. బకెట్టులో జానెడు నీళ్ళున్నా పాకే బిడ్డకు ప్రాణగండమే. తొట్టికి, నీళ్ళ గుంటకు మూత ఉండాలి.

4. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, మూతలేని కుండలలో నిలిచిన మంచినీళ్ళలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారానికొక రోజు అన్నీ బోర్లించి, తోమి, ఆరబెట్టండి.

5. వట్టి కాళ్ళతో తిరిగితే కొంకిపురుగు పాదం చర్మంలో నుంచి ఒంట్లోకి పోతుంది. పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. చెప్పులు వేయండి. మరుగుదొడ్డి వాడండి. పసిబిడ్డ మలాన్ని కూడా మరుగుదొడ్డిలోనే వేయండి. ఏడాది నిండిన పిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పక వేయించండి.

6. కోళ్ళను రాత్రి గంప కింద మూయండి. పాప పాకే చోట రెట్ట లేకుండా చూడండి. బిడ్డకు తినిపించే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

7. కట్లపాము రాత్రివేళ కింద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి కూడా తెలియకపోవచ్చు. మంచం మీద పడుకుని దోమతెర కట్టుకోండి. పాము కరిస్తే కోయవద్దు, గట్టిగా కట్టవద్దు, మంత్రగాడి దగ్గర పొద్దు పుచ్చవద్దు. కరిచిన చోటు కదలనివ్వకుండా ఆస్పత్రికి చేర్చండి. విషానికి విరుగుడు సూది అక్కడే ఉంటుంది.

పిల్లలకు రేచీకటి రాకుండా తొమ్మిదో నెల నుంచి అయిదేళ్ళ దాకా విటమిన్ 'ఎ' చుక్కలు పోస్తారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధన ఆధారంగా 1970లో ఈ పథకం దేశంలో మొదలైంది. టీకాలతో పాటు ఈ చుక్కలనూ అడిగి వేయించండి.

ఎడం కోసం ఏం చేయాలి?

ఎంతమందిని కనాలో చెప్పడం ఈ పాఠం పని కాదు. అది మీ ఇద్దరి ఇష్టం. ఎప్పుడు కనాలో మాత్రం మీ చేతుల్లో ఉంచుకోండి. సాధనాలు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం.

పాలిస్తుంటే గర్భం రాదనేది ఎంతవరకు నిజం? మూడు షరతులు ఉన్నాయి. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. రాత్రీపగలూ తల్లిపాలే పట్టాలి. తల్లికి ముట్టు మళ్ళీ మొదలు కాకూడదు. మూడూ ఉంటేనే నమ్మకం. ఒక్కటి తప్పినా వేరే సాధనం వాడాలి. మన ఇంటి పాపకు ఎనిమిదో నెల. కాబట్టి ఆ ఇల్లాలికి ఈ నమ్మకం ఇప్పుడు లేనట్టే.

నిరోధ్: మగవారు వాడేది. 1968 నుంచి మన దేశంలో ఉన్నదే. ప్రతిసారీ కొత్తది వాడాలి. సుఖవ్యాధులు కూడా అంటకుండా కాపాడుతుంది.

కాపర్–టి: గర్భసంచిలో అమర్చుతారు. కాన్పు అయిన 48 గంటల్లోపు గాని, ఆరు వారాల తర్వాత గాని వేయించుకోవచ్చు. రకాన్ని బట్టి 5 ఏళ్ళు, 10 ఏళ్ళు పనిచేస్తుంది. మళ్ళీ బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు. అది గుండెలోకి పాకిపోతుందనేది వట్టి మాట. మొదటి నెలల్లో ముట్టు కొంచెం ఎక్కువ కావచ్చు.

అంతర సూది: మూడు నెలలకొకసారి. పాలిచ్చే తల్లులు కాన్పు తర్వాత ఆరు వారాల నుంచి వేయించుకోవచ్చు. ముట్టు క్రమం తప్పవచ్చు, ఆగిపోవచ్చు. కంగారు పడకండి. మానేసిన తర్వాత గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

ఛాయ మాత్ర: మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒక్కసారి. పాలిచ్చే తల్లులకూ పనికివస్తుంది. అంతర, ఛాయ రెండూ 2017 నుంచి ప్రభుత్వ పథకంలో చేరాయి.

మాలా–ఎన్ మాత్ర: రోజూ ఒకటి. పాలిచ్చే తల్లులు బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా దీన్ని వాడరాదు.

ఆపరేషను: ఇక పిల్లలు చాలు అనుకున్నవారికి మాత్రమే. మగవారి ఆపరేషను కోత, కుట్టు లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ రోజే ఇంటికి రావచ్చు. రెండు రోజులు విశ్రాంతి, వారం దాకా బరువు పనులు వద్దు. మగతనం గాని, నాగలి పట్టే బలం గాని తగ్గవు. అయితే మూడు నెలల దాకా నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకున్న తర్వాతే నిశ్చింతగా ఉండాలి.

ఏది ఎవరికి సరిపడుతుందో నర్సమ్మ, డాక్టరు చూసి చెబుతారు. ఒకటి సరిపడకపోతే ఇంకొకటి ఉంది. ఎవరూ బలవంతం చేయరాదు.

అనుకోకుండా నెల తప్పితే నాటు మందుల జోలికి, గన్నేరు పప్పు జోలికి పోవద్దు. ప్రాణం పోతుంది. 1971 నాటి చట్టం ప్రకారం తగిన ఆస్పత్రిలో డాక్టరు చేతనే గర్భం తీయించుకోవచ్చు. సిగ్గుపడి ఆలస్యం చేయకండి.

పెద్దమ్మకు జవాబు

ఆ సాయంత్రం నర్సమ్మ పాపను తూచడానికి ఆ ఇంటికి వచ్చిందనుకుందాం. పెద్దామె తన మాట మళ్ళీ చెప్పింది.

నర్సమ్మ చాప మీద కూర్చుని అన్నది: "పెద్దమ్మా, ఆషాఢంలో కొత్త కోడలిని పుట్టింటికి ఎందుకు పంపుతారు?"

"ఆ నెల కడుపు పడితే మండుటెండల్లో కాన్పు వస్తదని."

"తొలి కాన్పు పుట్టింట్లో చేసి, నెలల తరబడి ఎందుకు ఉంచుకుంటారు?"

"పిల్ల తేరుకోవాలి గదా!"

"అంటే కాన్పు ఎప్పుడు రావాలో చూసుకోవడం, తల్లి తేరుకునే దాకా ఆగడం మీ పెద్దలు ఎరిగిన సంగతే. నేను కొత్తగా చెప్పింది ఏముంది? అప్పుడు పుట్టింటికి పంపి ఆపారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటూ ఆగే దారి వచ్చింది."

పెద్దామె కాసేపు మాట్లాడలేదు. "మరి మగపిల్లాడో?" అన్నది.

"ఆడో మగో తేల్చేది తండ్రి వైపు నుంచి వచ్చే బీజం పెద్దమ్మా. కోడలి చేతిలో ఏమీ లేదు. తొందరపడితే మగపిల్లాడు పుడతాడన్న నియమమూ లేదు. ముందే తెలుసుకోవాలని స్కానింగు చేయించడం 1994 చట్టం ప్రకారం నేరం. ఈ పిల్ల ఒంట్లో రక్తం తక్కువ. ఇప్పుడు ఇంకో కాన్పు అంటే నాకే భయంగా ఉంది."

ఇదంతా గేదెను కట్టేస్తూ కొడుకు విన్నాడు. రాత్రి అన్నం తినేటప్పుడు భార్యతో అన్నాడు: "పొద్దున నీకు కళ్ళు తిరిగిన సంగతి నాకెందుకు చెప్పలే?"

"చెబితే ఏం చేస్తావులే అనుకున్నా."

"రేపు ఆస్పత్రికి ఇద్దరం పోదాం. రక్తం పరీక్ష చేయించు. మిగతాది కూడా అడుగుదాం."

"అత్తమ్మ?"

"పాపను చూసుకుంటది. నేను చెప్తా."

మర్నాడు వాళ్ళు బయలుదేరేటప్పుడు పెద్దామె మనవరాలిని చంకన వేసుకుని పెరట్లోకి పోయింది. "మునగాకు కోసి ఉంచుతా. తొందరగా రండి" అన్నది. అంతకంటే ఏమీ అనలేదు. అదీ చాలు.

మగవారికి ఒక మాట

అయ్యా, "ఇవి ఆడవాళ్ళ సంగతులు" అని తప్పుకోవద్దు. దుక్కి దున్నేటప్పుడు ఎద్దు అలసిందా లేదా అని చూస్తారు. ఇంట్లో మనిషి అలసిందేమో అడిగారా? వాకిట్లో నీళ్ళు తోడడం, బిడ్డకు తినిపించడం, పాదుకు నీళ్ళు పోయడం మగవాడు చేస్తే పరువు పోదు. ఇంటిల్లిపాది తిన్న తర్వాత మిగిలింది తినే అలవాటు మీ ఇంట్లో ఉంటే, ఈ రాత్రి నుంచే మార్చండి. ఆమె కంచంలో కూడా పప్పు, కూర పడాలి.

ఈ వారం చేయండి

1. తోటకూర మడి ఒకటి చల్లండి. లేదా మునగ కొమ్మ ఒకటి నాటండి.
2. బిడ్డను అంగన్‌వాడీలో తూయించి, కార్డులో గీత పైకి పోతోందో, కిందికి పోతోందో అడగండి.
3. ఇల్లాలికి రక్త పరీక్ష చేయించండి.
4. పెరట్లో నీళ్ళు నిలిచిన చిప్పలన్నీ బోర్లించండి.
5. మళ్ళీ బిడ్డ ఎప్పుడు కావాలో, అసలు కావాలో వద్దో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

మీలో మీరు అడగండి

మా ఇద్దరు పిల్లల మధ్య ఎడం ఎంత? ఎంత ఉంటే బాగుండేది?
మా పెరట్లో బిడ్డ గిన్నెలోకి వచ్చే మొక్కలు ఎన్ని? బిడ్డకు కీడు చేసేవి ఎన్ని?
ఈ నెలలో మా బిడ్డతో కలిసి ఒక మొక్క నాటామా?

మొక్కకు మొక్కకు ఎడం ఉంటే కాపు. బిడ్డకు బిడ్డకు ఎడం ఉంటే తల్లికి ఓపిక, పిల్లలకు కండ, ఇంటికి నవ్వు. సందేహం ఏదైనా ఉంటే మీ ఊరి ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడగండి. ఆరోగ్య కేంద్రానికి ఇద్దరూ కలిసి రండి.

ఈ కాగితం చదివాక పారవేయకండి. పక్కింటివారికి ఇవ్వండి.